ఊరి మంచినీటి సరఫరాను పంచాయతీ సమీక్షించుకోవడం ఎలా? మొదటి తీర్మానం నుంచి మళ్లీ కొలిచే రోజు దాకా

చాలా పంచాయతీ సమావేశాల్లో మంచినీటి మీద చర్చ ఒకేలా నడుస్తుంది. ఒక వార్డు సభ్యుడు లేచి "మా వాడకు నీళ్లు రావట్లేదు" అంటారు. "రోజూ వదులుతూనే ఉన్నాం కదా" అని కార్యదర్శి అంటారు. వాటర్‌మన్‌ను పిలిచి నాలుగు మాటలంటారు. రెండు రోజులు ఆ వాడకు కాస్త ఎక్కువసేపు నీళ్లొస్తాయి, మూడో రోజు నుంచి మళ్లీ మామూలే. అక్కడ కూర్చున్న ఎవరి దగ్గరా కొలత లేకపోవడమే దీనికి కారణం. ఏ వీధికి ఎన్ని నిమిషాలు, ఎన్ని లీటర్లు, ఎంత ఖర్చుతో వస్తున్నాయన్నది కాగితం మీద లేనప్పుడు గొంతు పెద్దదిగా ఉన్నవాళ్ల మాటే నెగ్గుతుంది.

సేవా సమీక్ష ఆ కొలత తెచ్చుకునే పద్ధతి. పంచాయతీ తాను అందించే ఒక సేవను ఎంచుకుని, అది ఎవరికి ఎంత అందుతోంది, ఎంత ఖర్చవుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అని తేల్చి, మార్చాల్సింది మార్చుతుంది. చెత్త సేకరణకైనా వీధి దీపాలకైనా ఇదే దారి. ఇక్కడ మాత్రం మంచినీటినే తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకు 29 అంశాలు చూపించింది. మంచినీరు అందులో ఒకటి. జనం పంచాయతీని రోజూ పొద్దున్నే కొలిచేది కూడా దీనితోనే.

ఈ మొత్తం పనిలో నేను అన్నిటికంటే ముందు పెట్టే నియమం ఒకటుంది. సేవను పైపు చివరనున్న ఇంటి నుంచి చూడాలి. ట్యాంకు దగ్గర నిలబడి చూస్తే ప్రతి ఊళ్లోనూ నీళ్లు బాగానే ఉంటాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏం తేల్చుకోవాలి

నీటి సమీక్షకు మంచి కాలం ఏప్రిల్, మే నెలలు. బోర్లు దిగిపోయి, కరెంటు లోడు పెరిగి, సరఫరా అసలు బలమెంతో అప్పుడే బయటపడుతుంది. వానాకాలంలో కొలిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఇంకో సౌకర్యం కూడా ఉంది. వచ్చే ఏడాదికి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే ప్రచారం సాధారణంగా అక్టోబర్ 2న మొదలవుతుంది. వేసవిలో కొలిచి, సెప్టెంబర్ లోపు నివేదిక పూర్తిచేస్తే, మీరు కనిపెట్టిన పనులు నేరుగా ప్రణాళికలో ఎక్కుతాయి. డిసెంబర్‌లో నివేదిక తయారైతే ఇంకో ఏడాది ఆగాల్సిందే.

మొదటి పని పంచాయతీ సమావేశంలో తీర్మానం. ఇది లేకుండా దిగితే సమీక్ష సర్పంచ్ సొంత వ్యవహారమో, ప్రతిపక్షం పనో అయిపోతుంది. తీర్మానంలో "మంచినీటి సమస్యలపై సమీక్ష" అని ఒక్క మాటతో వదిలేయకండి. జవాబు కావాల్సిన ప్రశ్నలు రాయండి. నాలుగు చాలు: ప్రతి ఇంటికీ మనిషికి ఎన్ని లీటర్లు అందుతున్నాయి? నీళ్లు తాగడానికి పనికొస్తున్నాయా? ఇంటికి ఏడాదికి ఎంత ఖర్చవుతోంది? ఫిర్యాదు చేస్తే ఎన్ని రోజుల్లో బాగవుతోంది? కింద గడువు రాయండి. గడువు లేని సమీక్షలు పంట కోతల్లోనో పెళ్లిళ్ల సీజన్లోనో మరుగున పడిపోతాయి.

సమీక్ష పరిధి దాటే విషయాలు కూడా ముందే చెప్పేయాలి. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్లు ఊరి ట్యాంకు దాకా తేవడం సాధారణంగా పై శాఖ పని, ట్యాంకు నుంచి నల్లాలకు పంచడం పంచాయతీ పని. రెండింటినీ కలిపేస్తే, ప్రతి లోపానికీ "పైనుంచే రావట్లేదు" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ట్యాంకుకు ఎంత వస్తోందో విడిగా కొలిచి, మన చేతిలో ఉన్న భాగం మీద సమీక్ష నడపండి.

బృందంలో ఎవరుండాలి

ఐదారుగురు చాలు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ నిబంధనల ప్రకారం ఊళ్లో గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీ ఉండాలి, అందులో సగం మంది మహిళలు ఉండాలి. ఆ కమిటీ బతికే ఉంటే దాన్నే వాడుకోండి. కాగితం మీదే ఉంటే ఈ సమీక్షతో బతికించండి. గ్రామైక్య సంఘం (ఊళ్లోని మహిళా పొదుపు సంఘాల సమాఖ్య) నుంచి ఇద్దరు మహిళలు, పైపు చివరి వాడ నుంచి ఒక వార్డు సభ్యుడు లేదా సభ్యురాలు, కార్యదర్శి, ఆశా కార్యకర్త, సాంకేతిక విషయాలకు గ్రామీణ నీటి సరఫరా విభాగం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్). ఆంధ్రప్రదేశ్‌లో అయితే గ్రామ సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంట్ రోజూ అందుబాటులో ఉంటారు.

వాటర్‌మన్‌ను తప్పకుండా చేర్చుకోండి. చాలామంది ఆయన్ని విచారించాల్సిన మనిషిగా చూస్తారు. ఏ వాల్వ్ ఎన్ని చుట్లు తిప్పితే ఏ వీధికి నీళ్లెక్కుతాయో, ఏ జాయింటు ఎన్నిసార్లు ఊడిందో ఆ ఊళ్లో ఆయనొక్కడికే తెలుసు. ఇది తప్పు పట్టే పని కాదని, ఆయనకు కావాల్సిన సామాను, సమయానికి జీతం గురించి కూడా నివేదికలో రాస్తామని మొదటి రోజే చెప్పండి. ఆ మాట నిలబెట్టుకోండి.

ట్యాంకు నుంచి చివరి నల్లా దాకా బొమ్మ గీయండి

చార్టు పేపరు మీద చేత్తో గీసిన బొమ్మ చాలు. బోర్లు, సంపు, ట్యాంకు, మెయిన్ లైను, గేట్ వాల్వులు, వీధుల లైన్లు, ఒక్కో లైను మీద ఎన్ని ఇళ్లు ఉన్నాయి. వాటర్‌మన్‌తో కలిసి నడుస్తూ గీయాలి, ఆఫీసులో కూర్చుని గీస్తే లాభం లేదు.

నడిచేటప్పుడు మూడు సంగతులు గమనించండి. ఒకటి, వాల్వుల పరిస్థితి. కొన్ని మట్టిలో పూడిపోయి ఉంటాయి, కొన్నిటిని ఇంటి ముందున్నవాళ్లే రాత్రిపూట తిప్పుకుంటుంటారు. రెండు, మురుగు కాలువలో నుంచి వెళ్లే ఇంటి పైపులు. మన సరఫరా రోజంతా ఉండదు. నీళ్లు ఆపాక లైనులో ఒత్తిడి పడిపోతే, కాలువలో మునిగి ఉన్న పైపుకు చిన్న పగులున్నా మురుగు లోపలికి లాగేసుకుంటుంది. వానాకాలంలో వాంతులు, విరేచనాలు ఒకే వీధిలో మొదలైతే మొదట అనుమానించాల్సింది ఇక్కడే. మూడు, నల్లాకు నేరుగా బిగించిన మోటార్లు. ఒక్కో మోటారు దాని వెనకున్న ఇళ్ల నీళ్లు లాగేస్తుంది.

బొమ్మ పూర్తయ్యాక ఒకసారి దూరంగా పెట్టి చూడండి. చాలా ఊళ్లలో ఎస్సీ కాలనీ, తర్వాత ఇళ్ల స్థలాలిచ్చిన కొత్త కాలనీ లైను చివర ఉంటాయి. పాత రెండంగుళాల పైపును పొడిగించుకుంటూ పోయి చివర కలిపేసి ఉంటారు. ఎవరూ కావాలని ఎండబెట్టకపోయినా ఆ ఇళ్లకు నీళ్లు తక్కువే వస్తాయి. అన్యాయం పైపు సైజులో ఉందని బొమ్మ చూపించినప్పుడు వాడల మధ్య మాట పెరగకుండా చర్చ ముందుకు పోతుంది.

రికార్డులు: ఏవి తీయాలి, ఏం వెతకాలి

గత రెండేళ్ల కరెంటు బిల్లులు, నగదు పుస్తకం, మరమ్మతు వోచర్లు, ఎం-బుక్ (చేసిన పనుల కొలతల పుస్తకం), బ్లీచింగ్ పౌడర్ స్టాకు రిజిస్టరు, నల్లా కనెక్షన్ల జాబితా, ఫిర్యాదుల రిజిస్టరు, నీటి పరీక్ష రిపోర్టులు. వార్డు సభ్యులకూ కమిటీకీ ఇవి చూపించడానికి ఇబ్బంది ఉండకూడదు. ఎక్కడైనా అడ్డుపడితే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామ స్థాయిలో దరఖాస్తు ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. బృందంలో ఉన్నవాళ్లే ఆ దారి పట్టాల్సి వస్తే మాత్రం సమీక్షకు మద్దతు లేదని అర్థం. ముందు సర్పంచ్‌తో, కార్యదర్శితో కూర్చుని మాట్లాడుకోవడం మేలు.

వోచర్లను తేదీల వారీగా పేర్చండి. మోటారు రివైండింగ్ (కాలిన తీగ మళ్లీ చుట్టించడం) ఏడాదిలో నాలుగైదు సార్లు జరిగిందని కనబడితే అసలు జబ్బు వేరే ఉంది. లో వోల్టేజీ కావచ్చు, బోరులో నీళ్లు అయిపోయాక కూడా మోటారు ఉత్తినే తిరుగుతుండొచ్చు. దానికి తగిన ప్యానెల్ బోర్డు పెట్టిస్తే రివైండింగుల ఖర్చే ఆగిపోతుంది. ఒకే జాయింటు మళ్లీ మళ్లీ బాగుచేసినట్టుంటే అక్కడ పైపు మార్చాలి.

కరెంటు బిల్లుకూ ఒక చిన్న పరీక్ష ఉంది. 7.5 హెచ్‌పీ మోటారు గంటకు సుమారు 5.6 యూనిట్లు తీసుకుంటుంది. రోజుకు 8 గంటలు తిరిగితే 45 యూనిట్లు, నెలకు 1,350. బిల్లులో 2,000 పైన ఉంటే మోటారు చెప్పినదానికంటే ఎక్కువ గంటలు తిరుగుతోందా, అదే మీటరు మీద ఇంకేమైనా కలిపారా చూడాలి. ఎక్కువ గంటలు తిరుగుతుంటే ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో తేలాలి.

ఫిర్యాదుల రిజిస్టరు ఖాళీగా ఉంటే ఫిర్యాదులు లేవని రాసుకోకండి. జనం వాటర్‌మన్‌కు ఫోన్ చేసి చెబుతారు, సర్పంచ్ ఇంటికెళ్లి చెబుతారు, వాట్సాప్ గ్రూపులో పెడతారు. రిజిస్టరులో రాసేవాళ్లు లేరని మాత్రమే తేలింది.

బకెట్టు, గడియారం

సమీక్ష మొత్తానికి గుండెకాయ ఇదే. కావాల్సిన పరికరాలు 20 లీటర్ల బకెట్టు, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఒక నోటుబుక్.

ప్రతి వాల్వ్ మీద మూడు ఇళ్లు ఎంచుకోండి: మొదటిది, మధ్యలోది, చివరిది. ఎనిమిది వాల్వులుంటే 24 ఇళ్లు. ఒక వాల్వ్ తిప్పిన రోజు మూడిళ్ల దగ్గరా ఒకేసారి మనిషి ఉండాలి. పక్కిళ్లవాళ్లు ఎప్పటిలాగే నీళ్లు పట్టుకోవాలి, మోటార్లు ఎప్పటిలాగే నడవాలి. "కాసేపు ఆపండి, కొలుస్తున్నాం" అంటే కొలత చెడిపోతుంది. నీళ్లు మొదలైన టైము, ఆగిన టైము రాయండి. బకెట్టు నిండటానికి ఎంతసేపు పట్టిందో రెండుసార్లు చూడండి, మొదలైన ఐదు నిమిషాలకు ఒకసారి, ఆగబోయే ముందు ఒకసారి. రెండింటి సగటు తీసుకోండి. వరసగా మూడు విడతలు ఇలా కొలవాలి. మధ్యలో కరెంటు పోయిన రోజు వస్తే దాన్ని తీసేయకండి, అది కూడా సరఫరాలో భాగమే.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక వాల్వ్ 45 నిమిషాలు తెరిచారు. మొదటి ఇంట్లో బకెట్టు నిమిషంన్నరలో నిండింది. అంటే నిమిషానికి 13 లీటర్లకు పైగా, 45 నిమిషాల్లో 600 లీటర్లు. ఇంట్లో ఐదుగురుంటే మనిషికి 120 లీటర్లు. అదే వీధి చివరి ఇంట్లో బకెట్టు నిండటానికి పది నిమిషాలు పట్టింది. నిమిషానికి 2 లీటర్లు, మొత్తం 90 లీటర్లు, మనిషికి 18.

జల్ జీవన్ మిషన్ పెట్టిన కనీస ప్రమాణం గ్రామాల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు. మిషన్ భగీరథ గ్రామాలకు పెట్టుకున్న లక్ష్యం 100 లీటర్లు. పై రెండిళ్ల సగటు తీస్తే 69 వస్తుంది, కేంద్రం ప్రమాణం దాటేసినట్టే! పై అధికారులకు వెళ్లే రిపోర్టులో ఆ వీధికి సరిపడా నీళ్లు అందుతున్నట్టు ఉంటుంది. చివరి ఇంటి ఆమె మాత్రం బిందె పట్టుకుని బోరింగు దగ్గర నిలబడి ఉంటుంది. అందుకే ఈ సమీక్షలో సగటు రాయకూడదు. ప్రతి వాల్వ్‌కూ అన్నిటికంటే తక్కువ వచ్చిన ఇంటి అంకె రాయండి. 55 కంటే తక్కువ అందుతున్న ఇళ్లు ఎన్నో రాయండి. ఆ రెండే ఊరి నీటి పరిస్థితిని చెబుతాయి.

ఇంకో కొలత ట్యాంకు దగ్గర తీయాలి. రాత్రి ట్యాంకు నింపి, మెయిన్ అవుట్‌లెట్ తెరిచి ఉంచి, వీధుల వాల్వులన్నీ మూసి, రెండు గంటల తర్వాత మట్టం ఎంత దిగిందో చూడండి. 60 వేల లీటర్ల ట్యాంకులో నీటి లోతు మూడు మీటర్లయితే ఒక్కో సెంటీమీటరుకు 200 లీటర్లు. ఐదు సెంటీమీటర్లు దిగితే వెయ్యి లీటర్లు ఎటో పోయాయి. ట్యాంకు కారుతుండాలి, మెయిన్ లైనులో లీకేజీ ఉండాలి, లేదా ఏదో వాల్వ్ సరిగా మూసుకోవట్లేదు. కొత్త బోరు వేయించమని అడిగే ముందు ఈ పరీక్ష చేసి తీరాలి.

తాగడానికి పనికొస్తాయా

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500, 2012లో సవరించినది. పంచాయతీ స్థాయిలో గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చూపే అంకె) 6.5 నుంచి 8.5. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 2,000 దాకా. నైట్రేట్ 45 మించకూడదు. ఫ్లోరైడ్ 1, వేరే దారి లేకపోతే 1.5 దాకా. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ ఏం చేసిందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పాత బోర్లను మళ్లీ లైనులో కలిపిన ఊళ్లలో ప్రతి బోరు నీళ్లూ విడిగా ల్యాబుకు పంపండి. కలిసిన నీళ్లు పంపితే చెడ్డ బోరు మంచి బోరు వెనక దాక్కుంటుంది.

క్లోరిన్ పరీక్ష మాత్రం మీరే రోజూ చేయొచ్చు. క్లోరోస్కోప్ గొట్టంలో నల్లా నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, పది సెకన్లలోపే రంగును పక్కనున్న పసుపు ఛాయలతో పోల్చాలి. ఆలస్యమైతే రంగు ముదిరి తప్పు అంకె చూపిస్తుంది. చివరి ఇంట్లో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు దగ్గర ఘాటు వాసన వచ్చి చివరి ఇంట్లో రంగే రాకపోతే, దారిలో ఎక్కడో మురికి కలిసి క్లోరిన్ ఖర్చయిపోతుండొచ్చు, లేదా పౌడరు పాతబడి బలం పోయి ఉండొచ్చు. మూత తీసి గోదాములో పెట్టిన బ్లీచింగ్ బస్తా నెలల్లోనే నీరుగారిపోతుంది. బస్తా కొన్న తేదీ స్టాకు రిజిస్టరులో చూడండి.

సూక్ష్మజీవుల కోసం హెచ్2ఎస్ సీసాలు వాడొచ్చు. నీళ్లు పోసి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే ఆ నీళ్లు తాగొద్దు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్ మీద శిక్షణ ఇవ్వాలని ఉంది. మీ ఊళ్లో శిక్షణ పొందినవాళ్లెవరో కనుక్కోండి, కిట్ బీరువాలో ఉంటే బయటికి తీయించండి, మందుల గడువు తేదీ చూడండి.

మనుషులతో మాట్లాడటం

పంచాయతీ ఆఫీసుకు పిలిచి అడిగితే వచ్చేది మగవాళ్లు, మాట్లాడేది ఇద్దరు ముగ్గురు. నీళ్లు పట్టేది ఆడవాళ్లు. కాబట్టి సంఘం మీటింగు రోజున, లేదా నీళ్లొచ్చే వేళకు వీధిలోనే మాట్లాడండి. అద్దెకుండేవాళ్లు, ఒంటరి ముసలివాళ్లు, వికలాంగులున్న ఇళ్లు, ఊరి బయట చేనుల దగ్గర కట్టుకున్న ఇళ్లు, కనెక్షన్ల జాబితాలో పేరే లేని ఇళ్లు వీటిని వెతుక్కుంటూ వెళ్లాలి.

"నీళ్లు బాగా వస్తున్నాయా అమ్మా?" అని అడిగితే "వస్తున్నాయిలే నాయనా" అంటారు. ఫిర్యాదు చేసినట్టు ఎందుకని. నిన్న గురించి అడగండి. నిన్న ఎన్నింటికి వచ్చాయి? ఎన్ని బిందెలు పట్టారు? తాగడానికి ఇవే వాడారా, ఫిల్టర్ నీళ్లు కొన్నారా? క్యాను ఎంత? చివరిసారి పైపు పగిలినప్పుడు ఎవరికి చెప్పారు, ఎన్నాళ్లకు బాగుచేశారు? క్యాను ప్రశ్న తప్పకుండా అడగండి. నల్లా నీళ్లు వస్తున్నా ఇంటింటా క్యాన్లు కొంటుంటే, జనం ఆ సేవను నమ్మట్లేదని అర్థం. క్యాన్లకు ఊరు నెలకు పెడుతున్న డబ్బు కలిపి చూస్తే పంచాయతీ నీటి ఖర్చుతో పోల్చడానికి బలమైన అంకె దొరుకుతుంది.

వాటర్‌మన్‌తో విడిగా, ఎవరూ లేనప్పుడు మాట్లాడండి. ఏ ఇంటివాళ్లు వాల్వ్ తిప్పమని ఒత్తిడి చేస్తారో అందరి ముందూ చెప్పలేరు. ఆయన చెప్పినవాటిని పేర్లు లేకుండానే రాసుకోండి.

ఖర్చు లెక్క, పోల్చి చూడటం

ఏడాది ఖర్చును ఐదు పద్దులుగా విడగొట్టండి: కరెంటు, జీతాలు, మరమ్మతులు, బ్లీచింగూ పరీక్షలూ, మిగతావి. ఊహకు ఒక ఊరిని తీసుకుందాం. కరెంటు లక్షన్నర, జీతం లక్షా 20 వేలు, మరమ్మతులు లక్షా 60 వేలు, బ్లీచింగ్ 20 వేలు, మిగతావి 30 వేలు. మొత్తం 4 లక్షల 80 వేలు. 400 ఇళ్లుంటే ఇంటికి ఏడాదికి 1,200, నెలకు వంద రూపాయలు. ఇందులో నల్లా పన్ను కింద ఎంత వసూలవుతోందో పక్కన రాయండి. గ్రామసభలో ఈ ఒక్క అంకె చెప్పినప్పుడు పన్ను గురించి మాట్లాడే తీరే మారుతుంది. అయితే 18 లీటర్లు వచ్చే ఇంటిని 120 లీటర్లు వచ్చే ఇంటితో సమానంగా కట్టమనడం న్యాయం కాదు. సరఫరా సరిచేశాకే వసూలు గట్టిగా అడగాలి.

పోలికకు పక్క ఊళ్లలో అదే మూలం నుంచి నీళ్లొచ్చే ఒక పంచాయతీని ఎంచుకోండి. వాళ్ల వాల్వ్ టైములు, వాళ్ల మరమ్మతు ఖర్చు అడిగి తెచ్చుకోండి. మున్సిపాలిటీల్లో పనిచేసేవాళ్లకు 2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ఇచ్చిన సేవా ప్రమాణాలు సిద్ధంగా ఉన్నాయి: మనిషికి రోజుకు 135 లీటర్లు, లెక్కలోకి రాని నీళ్లు 20 శాతం లోపు, ఫిర్యాదుల్లో 80 శాతం గడువులోగా పరిష్కారం, చార్జీల వసూలు 90 శాతం. అక్కడ కూడా వార్డుల వారీగా, వాల్వుల వారీగా చూస్తేనే ఉపయోగం.

కారణం పట్టుకోవడం, దారులు రాసుకోవడం

లోటు కనబడగానే "కొత్త ట్యాంకు కట్టాలి, కొత్త బోరు వేయాలి" అని దూకడం మన అలవాటు. కట్టడాలకు నిధులు అడగడం సులువు, రోజువారీ నిర్వహణ మార్చడం కష్టం. ప్రతి చెడ్డ అంకెకూ కారణం ఏ రకమో ముందు తేల్చండి. నీళ్లే తక్కువా? పంచే తీరు తప్పా? పైపు సరిపోవట్లేదా? మనుషులు, డబ్బు చాలట్లేదా?

పై వీధి ఉదాహరణలో మొదట చేయాల్సింది ఖర్చు లేనిది. ఆ వాల్వ్ టైము పెంచి, ఎక్కువ వచ్చే వాల్వ్ టైము తగ్గించడం. రెండోది తక్కువ ఖర్చుది. వీధి మధ్యలో ఇంకో వాల్వ్ పెట్టి చివరి సగానికి విడిగా వదలడం. నల్లాలకు బిగించిన మోటార్లు తీయించి, నల్లాలేని గొట్టాలకు ట్యాపులు బిగించడం కూడా ఇందులోకే వస్తుంది. ఇవన్నీ చేసి మళ్లీ కొలిచాక కూడా లోటు మిగిలితే అప్పుడు పైపు మార్పిడికి ఎస్టిమేట్ వేయించాలి. ప్రతి దారి పక్కనా ఖర్చు, ఎన్నాళ్లు పడుతుంది, ఎన్ని ఇళ్లకు మేలు అని రాయండి.

బ్రిటన్‌లో 1999 స్థానిక ప్రభుత్వ చట్టం తర్వాత కౌన్సిళ్లు తమ సేవలను సమీక్షించేటప్పుడు నాలుగు కోణాల్లో ప్రశ్నించుకునేవి. ఈ పని అసలెందుకు, ఇలాగే ఎందుకు చేస్తున్నాం? ఇతరులతో పోలిస్తే ఎలా ఉన్నాం? జనాన్ని అడిగామా? ఇంకెవరైనా ఇంతకంటే బాగా చేయగలరా? నాలుగో ప్రశ్నను మన ఊళ్లకు అలాగే తెచ్చుకోనక్కర్లేదు గానీ మొదటిది చాలా విలువైనది. "పొద్దున ఐదింటికే ఎందుకు వదులుతున్నాం?" అని అడిగితే చాలా చోట్ల జవాబు "ఎప్పటినుంచో అంతే" అని వస్తుంది. కూలికి తెల్లారకముందే వెళ్లే కుటుంబాలున్న వాడకు సాయంత్రం వదిలితే ఎంత తేడా వస్తుందో వాళ్లనడిగితే తెలుస్తుంది.

నివేదిక, గ్రామసభ

నాలుగు పేజీలు దాటనివ్వకండి. మొదటి పేజీలో పట్టిక: వాల్వ్ నంబరు, ఇళ్ల సంఖ్య, తెరిచిన నిమిషాలు, అన్నిటికంటే తక్కువ అందిన ఇంటికి మనిషికి లీటర్లు, చివరి ఇంట్లో క్లోరిన్. ఇళ్ల యజమానుల పేర్లు వద్దు. రెండో పేజీలో ఖర్చు, మూడో పేజీలో కారణాలు, నాలుగో పేజీలో చేయాల్సిన పనులు. బొమ్మ విడిగా పెద్ద చార్టు మీద గీసి గోడకు అంటించండి.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. దాన్నే వాడుకోండి. సభకు వారం ముందే పట్టికను పంచాయతీ ఆఫీసు, పాల కేంద్రం, రేషన్ షాపు దగ్గర పెట్టండి. సభలో మొదటిసారి అంకెలు చూసినవాళ్లు కోపంతో మాట్లాడతారు, ముందే చూసినవాళ్లు ప్రశ్నలతో వస్తారు.

ఎక్కువ నీళ్లొచ్చే వీధివాళ్ల నుంచి వ్యతిరేకత తప్పదు. "మాకు తగ్గించి వాళ్లకిస్తారా?" అంటారు. అప్పుడు వాళ్ల వీధి అంకెను, 18 లీటర్లే అందిన ఇంటి అంకెను పక్కపక్కన చదవండి. తగ్గించిన తర్వాత కూడా వాళ్లకు 55 పైనే ఉంటుందని లెక్క చూపించండి. చదివేది ఆ వీధివాళ్లు గౌరవించే మనిషైతే ఇంకా మంచిది.

తీర్మానం, డబ్బు

గ్రామసభ ఒప్పుకున్న ప్రతి పనికీ పంచాయతీ తీర్మానంలో నాలుగు గళ్లుండాలి: పని, చేసే మనిషి హోదా, తేదీ, డబ్బు ఏ పద్దు నుంచి. "తగు చర్యలు తీసుకోవాలని తీర్మానించడమైనది" అన్న వాక్యాన్ని ఒప్పుకోకండి. ఆ వాక్యంతో ముగిసిన తీర్మానం మీద ఎవరినీ ఏమీ అడగలేం.

డబ్బు విషయానికొస్తే, 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం టైడ్ నిధులు (చెప్పిన పనులకే వాడాల్సినవి), తాగునీటికి సగం, పారిశుద్ధ్యానికి సగం. మీరు పనులు రాసే ఏడాదికి ఏ నిబంధనలు అమల్లో ఉన్నాయో మండల కార్యాలయంలో కనుక్కుని, పంచాయతీల పనులు, ఖర్చులు నమోదుచేసే ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో పనిని సరైన పద్దు కింద ఎక్కించాలి. తప్పు పద్దులో పడితే బిల్లు ఆగిపోతుంది. పై శాఖ చేయాల్సిన పనులకు తీర్మానం నకలు, కొలతల పట్టిక జతచేసి లేఖ పెట్టండి. ఉత్త వినతిపత్రానికీ, 24 ఇళ్ల కొలతలున్న వినతిపత్రానికీ ఏఈ దగ్గరా, ఆయన పై ఇంజినీరు డీఈ దగ్గరా దొరికే మర్యాదలో చాలా తేడా ఉంటుంది.

మళ్లీ కొలవడం

వాల్వ్ టైములు మార్చిన నెలకు అవే 24 ఇళ్లలో, అదే బకెట్టుతో, అదే పద్ధతిలో మళ్లీ కొలవండి. వేరే ఇళ్లు ఎంచుకుంటే రెండు పట్టికల్ని పోల్చలేరు. పాత అంకె పక్కన కొత్త అంకె రాసి మళ్లీ అవే మూడు చోట్ల అంటించండి. మెరుగుపడని వాల్వులుంటే అలాగే రాయండి. దాచిపెడితే తర్వాతి పట్టికను ఎవరూ నమ్మరు.

ఆ తర్వాత మూడు నెలలకోసారి చివరి ఇళ్ల ఎనిమిదింటిలో మాత్రం బకెట్టు కొలత, క్లోరిన్ చూస్తే చాలు. గ్రామైక్య సంఘం నుంచి శిక్షణ పొందిన మహిళలు ఒక పొద్దున్నే పూర్తిచేయగలరు. వాళ్ల పనికి గౌరవ వేతనం పంచాయతీ బడ్జెట్‌లో పెట్టండి. పూర్తి సమీక్ష మళ్లీ రెండేళ్లకు పెట్టుకోవచ్చు. కొలతల నోటుబుక్కును కార్యదర్శి బదిలీ అయినా పోకుండా పంచాయతీ రికార్డుగా నంబరు వేసి స్టాకులో ఎక్కించండి, ఫొటోలు తీసి కమిటీ సభ్యులందరి ఫోన్లలో ఉంచండి.